ఒంటి మీద వెలిసిన నీలం

మన ఇళ్ళలో బట్టలు ఉతికే విద్యంతా తెల్లబట్ట చుట్టూ పెరిగింది. పంచె, కండువా, లాల్చీ, దుప్పటి, దోమతెర. రేవుకు వెళ్ళే మూటలో ఎక్కువగా ఉండేవి ఇవే. చౌడుమట్టి కలిపిన నీళ్ళలో ముంచి, బానలో ఆవిరి పట్టించి, బండకేసి బాది, మిట్టమధ్యాహ్నపు ఎండలో పరిచేవాళ్ళు. చౌడులోని క్షారం జిడ్డును విరగ్గొట్టేది. బాదుడుకు మట్టి వదిలేది. మిగిలిన పసుపుచాయను ఎండ తినేసేది. ఆఖర్న నీలం వేసిన నీళ్ళలో ఒక ముంచు, ఆపైన గంజి. ఎంత ఆలోచించి కూర్చిన పద్ధతో చూడండి, ఇందులో ఒక్క పనీ వృథా లేదు, ప్రతి పనీ బట్టను తెలుపు వైపే నడిపిస్తుంది. తర్వాత బార్ సోపు వచ్చింది, డిటర్జెంట్ పొడి వచ్చింది, ప్లాస్టిక్ బ్రష్షు వచ్చింది, వాషింగ్ మెషీన్ వచ్చింది. పనిముట్లు మారాయిగానీ చేతుల్లో ఉన్న నమ్మకం మారలేదు. గట్టిగా రుద్దితేనే ఉతికినట్టు, ఎండ బాగా తగిలితేనే ఆరినట్టు.

ఆ విద్యను తీసుకెళ్ళి ముదురు నీలం జీన్స్ మీద ప్రయోగిస్తే అది తన పని తాను శ్రద్ధగానే చేస్తుంది. జీన్స్‌ను కూడా తెల్లబరుస్తుంది.

మాది అనంతపురం జిల్లా. రాయదుర్గం సందుల్లో నడుస్తుంటే కుట్టుమిషన్ల చప్పుడు వినపడుతుంది. అక్కడ కుట్టేవాటిలో జీన్స్‌ది పెద్ద వాటా. కాస్త దూరంలో బళ్లారి. రాష్ట్రం వేరైనా తెలుగు ధారాళంగా వినిపించే ఊరు, జీన్స్ కుట్టుపనికి దేశంలో పేరుపడ్డ ఊరు. ఈ చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు జీన్స్ అంటే అద్దాల షాపులో వేలాడే వస్తువు మాత్రమే కాదు, పక్కింటి ఆడవాళ్ళు కాజాలు కుట్టి, దారాలు కత్తిరించి, కూలి తీసుకునే పని కూడా. అందుకే రంగు నిలబెట్టుకోవడం గురించి రాయాలనుకున్నప్పుడు నాకు ముందు తోచింది ఆ షెడ్లలో కటింగ్ టేబుళ్ళ కింద పడుండే పీలికల కుప్పలే.

ఒక పీలిక తీసుకుని అంచు దగ్గర పోగులు లాగండి. పడుగు నీలం, పేక తెలుపు. నీలం పోగు మూడు తెల్లపోగుల మీదుగా దాటి నాలుగోదాని కిందికి దిగుతుంది. ముందువైపు నీలం, వెనకవైపు బూడిదచాయ తెలుపు, బట్ట మీద వాలుగా సాగే సన్నటి గీతలు అన్నీ ఆ నేత వల్లనే. ఇప్పుడు ఒక నీలం పోగును రెండు చేతుల గోళ్ళ మధ్య పట్టుకుని పురి విప్పండి. పైన నీలం. లోపల మాత్రం తెల్లటి దూది, నిన్నగాక మొన్న కాయలోంచి తీసినంత తెల్లగా ఉంటుంది. రంగు పోగు చుట్టూ ఒక పొరలా పట్టింది, నడుమ దాకా దిగలేదు. జీన్స్ ఎందుకు వెలుస్తుందో, ఎక్కడ వెలుస్తుందో, ఎట్లా ఉతకాలో, ఎట్లా ఉతకకూడదో, ఇదంతా ఆ పోగులోనే ఉంది.

నీలిమందు మామూలు స్థితిలో నీళ్ళలో కరగదు. కరగనిది నూలుకు పట్టదు. అందుకని క్షారపు నీళ్ళలో వేసి, గాలి సోకనీయకుండా, దాన్ని కరిగే రూపంలోకి మారుస్తారు. పాతకాలపు నీలి బానల్లో సున్నం, బెల్లం, తగిరిస గింజలు వేసి పులియబెట్టి ఈ మార్పు తెచ్చేవాళ్ళు. మిల్లుల్లో ఆ పని హైడ్రోసల్ఫైట్ చేస్తుంది. కరిగిన నీలిమందు నీలంగా ఉండదు, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. అందులో ముంచి పైకి తీసిన నూలు, గాలి తగలగానే, చూస్తుండగానే పచ్చదనం వదిలి నీలానికి తిరుగుతుంది. ఆక్సిజన్ తగిలి మళ్ళీ కరగని నీలిమందుగా మారి పోగు సందుల్లో చిక్కుబడిపోతుంది. డెనిమ్ మిల్లుల్లో వందల పోగుల్ని మోకుల్లా చేర్చి, ముంచి, గాలికి పెట్టి, మళ్ళీ ముంచి, ఇట్లా పొర మీద పొర ఎక్కిస్తారు. చొక్కాలకూ చీరలకూ ఇప్పుడు వాడే రియాక్టివ్ రంగులు నూలుతో రసాయనికంగా ముడిపడతాయి. నీలిమందుకు అటువంటి ముడి లేదు. అది అక్కడ ఇరుక్కుని ఉంటుంది, అంతే. రాపిడి తగిలినప్పుడల్లా కొంత రాలుతుంది. తడిగా ఉంటే ఇంకా తేలిగ్గా రాలుతుంది. కొత్త జీన్స్ తెల్లబూట్ల మీద, లేతరంగు సోఫా మీద నీలం పూయడం సరుకులో లోపమేమీ కాదు, దాని స్వభావం.

ఈ నీలం మా ప్రాంతానికి పరాయిది కూడా కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు పండిన ముఖ్యమైన జిల్లాల్లో కడప, కర్నూలు, నెల్లూరు ఉన్నాయి. జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1883 నాటికి నీలిమందు అణువు నిర్మాణాన్ని తేల్చాడు. 1897లో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి తెచ్చింది. తర్వాత కొద్ది కాలానికే ఇక్కడి పొలాల్లో ఆ పంట కరిగిపోయింది. ఇప్పుడు మనం వేసుకునే జీన్స్ దాదాపు అంతా ఫ్యాక్టరీ నీలిమందుదే. అయితే ఆకులోంచి తీసినా, ఫ్యాక్టరీలో చేసినా నీలాన్నిచ్చే అణువు ఒక్కటే. కాబట్టి సహజ నీలిమందు అద్దిన బట్ట అసలు వెలవదని ఎవరైనా చెప్పి ఎక్కువ ధర అడిగితే, రైతుకూ అద్దకందారుకూ నాలుగు డబ్బులు దక్కుతాయని ఇవ్వండి. వెలవదన్న మాట మాత్రం నమ్మకండి.

మా ఇంట్లో ఏ కొత్త రంగుబట్ట వచ్చినా అమ్మ మాట ఒకటే. "ఉప్పునీళ్ళలో నానేయి నాయనా, రంగు గట్టిపడతాది." ఈ మాటను కొట్టిపారేయలేను. ఆమె తరంలో నూలు బట్టల మీద చౌకరంగులు చాలా ఉండేవి. నీళ్ళలో కరిగే ఆ రంగులు అద్దేటప్పుడే ఉప్పు వేస్తారు, ఉప్పు ఉంటే రంగు నీళ్ళను వదిలి నూలును పట్టుకుంటుంది. ఇంట్లో మొదటి ఉతుకులో ఉప్పు వేస్తే ఆ నీళ్ళలోకి దిగే రంగు కాస్త తగ్గుతుంది కూడా. ఆమె అనుభవం నిజమే, అది వేరే రంగుల మీద వచ్చిన అనుభవం. నీలిమందు నీళ్ళలో కరిగి పోవడం లేదు, పొడిగా రాలి పోతోంది. రాలేదాన్ని ఉప్పు ఆపలేదు. వెనిగర్ సంగతీ అంతే, రంగును అది బిగించదు. దానికి వేరే ఉపయోగం ఉంది, చెబుతాను.

రంగు పోగొట్టే పనుల్లో మన ఇళ్ళలో మొదటిది రాత్రంతా నానబెట్టడం. బకెట్లో వేడినీళ్ళు, గుప్పెడు పొడి, అందులో జీన్స్, తెల్లవారి ఉతుకు. తెల్లబట్టకు ఇది మేలే చేస్తుంది. జీన్స్‌కు మాత్రం నూలు ఉబ్బి, క్షారానికి పోగులు వదులై, రాలిన నీలం ఆ నీళ్ళలోనే తిరుగుతూ తెల్లటి పేక మీదా జేబు గుడ్డ మీదా అంటుకుంటుంది. బట్టకు ఉన్న నీలం-తెలుపు తేడా పోయి మొత్తం మసక నీలంగా తయారవుతుంది. అరగంట చాలు, అదీ చన్నీళ్ళలో, తిరగేసి, జిప్పు పెట్టి, గుండీ వేసి.

ఇక బ్రష్షు. మా వైపు ఎర్రమట్టి ప్యాంటు అంచుల్నే పట్టుకుంటుంది, కాబట్టి బ్రష్షు మొదట అక్కడికే పోతుంది. గట్టి ప్లాస్టిక్ ముళ్ళతో నాలుగుసార్లు రుద్దితే మట్టితో పాటు పైపొర నీలం కూడా వస్తుంది. మడిచి కుట్టిన అంచు ఎత్తుగా ఉంటుంది గనుక దెబ్బ అంతా దానికే. ఏ బస్టాండులోనైనా నిలబడి చూడండి, ప్యాంటు తక్కిన భాగం బాగానే ఉండి అంచులూ జేబు మూలలూ తెల్లగా గీసుకుపోయిన జీన్స్ ఎన్నో కనిపిస్తాయి. అది నడకకు వచ్చిన అరుగుదల కాదు, బ్రష్షు చేసిన పని. మట్టి అంటిన చోట ముందు పొడిగానే దులపాలి. ఆరిన ఎర్రమట్టి దులిపితేనే సగం పోతుంది, తడిపితే పోగుల్లోకి దిగుతుంది. మిగిలిందాన్ని పాత టూత్‌బ్రష్షుతో, లోపలివైపు నుంచి, నేత వాలు వెంట మెల్లగా తీయాలి.

పిండడం ఇంకొకటి. తడిసిన డెనిమ్ అట్టలా బిరుసెక్కుతుంది. దాన్ని మెలిపెట్టి పిండితే మడతలు పడతాయి. మెషీన్లో కిక్కిరిసి వేసినా అంతే. ఆ మడతల శిఖరాలు డ్రమ్ముకూ పక్క బట్టలకూ ఒరుసుకుని, ఆరాక చూస్తే తొడల మీద తెల్లటి చారలు. ఒకసారి పడ్డ చార మళ్ళీ పోదు. కొత్త ముదురు జీన్స్‌ను మొదటి కొన్ని ఉతుకులూ చేత్తోనే, వెడల్పు టబ్బులో పరిచి, అరచేతులతో నొక్కి ఉతకడం మేలు. పిండకుండా నడుం దగ్గర పట్టుకుని వేలాడదీస్తే నీళ్ళు వాటంతట అవే కారిపోతాయి.

నీళ్ళ సంగతి మాకు ప్రత్యేకం. అనంతపురంలో బోరునీళ్ళంటే చాలాచోట్ల ఉప్పునీళ్ళే. బార్ సోపు ఆ నీళ్ళలో నురగ ఇవ్వదు, నీళ్ళలోని కాల్షియంతో కలిసి తెట్టె కడుతుంది. ఆ తెట్టె నీలం మీద బూడిదలా కూర్చుంటుంది. అప్పుడు అందరూ రంగు పోయిందంటారు. నిజానికి రంగు పోలేదు, కప్పబడింది. వెనిగర్ పనికొచ్చేది ఇక్కడ. ఆఖరి జాడింపు నీళ్ళలో ఒక చిన్న కప్పు వెనిగర్ కలిపి, తర్వాత మంచినీళ్ళలో ఇంకొకసారి జాడిస్తే ఆ బూడిద చాలావరకు వదిలి కింది నీలం బయటపడుతుంది.

వేసవిలో మరో సంగతి. మేడ మీది నల్ల ట్యాంకులో నీళ్ళు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగిపోతాయి. చన్నీళ్ళ మీట నొక్కామన్న ధీమాతో మెషీన్ వేస్తే లోపలికి దిగేది వేడినీళ్ళే. జీన్స్ పొద్దున్నే ఉతకాలి, ట్యాంకు చల్లగా ఉన్నప్పుడు. ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు అసలు వద్దు. నీలిమందును విరగ్గొట్టడంలో క్లోరిన్‌ను మించింది లేదు, జీన్స్‌ను కావాలని తెల్లబరచడానికి ఫ్యాక్టరీల్లో వాడేదీ ఆ జాతి మందే.

సబ్బు విషయంలో నా ఓటు కుంకుడుకాయకే. పట్టుచీరలకు మన పెద్దవాళ్ళు వాడింది ఊరికే కాదు. పొడి డిటర్జెంట్లు చాలావాటిలో క్షారం ఘాటుగా ఉంటుంది. పైగా తెల్లబట్టను మెరిపించడానికి వేసే ఆప్టికల్ బ్రైటనర్లు ముదురు నీలం మీద చేరి దాన్ని పేలవంగా చూపిస్తాయి. కుంకుడుకు ఈ రెండు గుణాలూ లేవు, ఉప్పునీళ్ళలో తెట్టె కట్టదు కూడా. గుప్పెడు కాయల గింజలు తీసి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పిసికి, పలచటి గుడ్డలో వడగట్టి, చల్లారాక జీన్స్ అందులో వేస్తే చాలు. వడగట్టడంలో బద్ధకం పనికిరాదు, పిప్పి నేతలో ఇరుక్కుంటే తీయడం కష్టం. ఇంజిన్ ఆయిలు మరకలకు కుంకుడు చాలదు, వాటికి ఆ మరక మేరకు లిక్విడ్ డిటర్జెంట్ పట్టించక తప్పదు. నల్ల జీన్స్‌కూ ఈ పద్ధతే మంచిది. అయితే వాటి రంగు ఎక్కువగా సల్ఫర్ రంగు, నీలిమందులా అందంగా వెలవదు, మబ్బుపట్టినట్టు బూడిదగా మారుతుంది. అందుకే వాటిని ఇంకాస్త జాగ్రత్తగా చూసుకోవాలి.

ఎండ గురించి మావాళ్ళను ఒప్పించడం అన్నిటికంటే కష్టం. ఎండలో ఆరని బట్ట శుభ్రమైనట్టే కాదన్నది లోతైన నమ్మకం. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు నీలిమందు అణువును విడగొడతాయి. విడిపోగా వచ్చే ఇసాటిన్‌కు ఆ నీలం ఉండదు. పిట్టగోడ మీద పరిచిన జీన్స్‌కు పైన తగిలిన చోట ఒక రంగు, కింద ఒక రంగు రావడానికి కారణం అదే. మా పొడిగాలికి నీడలో వేసినా సాయంత్రానికి ఆరిపోతుంది, నడుంపట్టీ, జేబులు తప్ప. వాటిని బయటికి లాగి వదిలితే అవీ ఆరతాయి. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలంలో ఈ సలహా ఇట్లాగే పనిచేయదు. నీడలో ముక్క వాసన వచ్చేలోగా ఫ్యాను కిందికి చేర్చాలి, లేదా తిరగేసి ఉదయపు లేత ఎండలో కాసేపు పెట్టాలి.

ఇస్త్రీ గురించి ఒక జ్ఞాపకం. 1995లో అరవింద్ మిల్స్ వాళ్ళు రఫ్ అండ్ టఫ్ పేరుతో కుట్టని జీన్స్ తెచ్చారు. ఒక ప్యాకెట్లో గుడ్డ, జిప్పు, గుండీ, రివెట్లు. ప్రకటనలో అక్షయ్ కుమార్. రెడీమేడ్ జీన్స్ కొనే స్తోమత లేని ఇళ్ళలోకి డెనిమ్ ఆ ప్యాకెట్లలో వచ్చింది. గుడ్డ తీసుకుని మన టైలర్ దగ్గరికి వెళ్తే ఆయన కొలతలు తీసుకుని శ్రద్ధగా కుట్టి, తన చేతికి తెలిసిన పద్ధతిలో, మామూలు ప్యాంటుకు పెట్టినట్టే ముందువైపు కత్తిలాంటి మడత పెట్టి ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. బొగ్గుల ఇస్త్రీపెట్టె బరువంతా ప్రతిసారీ ఆ ఒక్క గీత మీదే. కొన్నాళ్ళకు కాలి పొడవునా నిటారుగా ఒక తెల్లగీత తేలేది. మా కాలేజీలో సగంమంది ప్యాంట్ల మీద ఆ గీత ఉండేది. ఇప్పటికీ చాలా ఇస్త్రీ బండ్ల మీద జీన్స్‌కు మడత పెడుతూనే ఉన్నారు. "అన్నా, దీన్ని తిరగేసి, మడత లేకుండా" అని చెప్పి ఇస్తే చేస్తారు. చెప్పకపోతే వాళ్ళకు తెలిసిన మర్యాద మడత పెట్టడమే.

అసలు ఉతకడమే మానేయాలనే వాదం ఒకటుంది. లీవైస్ కంపెనీ అధిపతిగా ఉన్నప్పుడు చిప్ బెర్గ్ 2014లో ఒక సభలో తాను వేసుకున్న జీన్స్‌ను ఏడాదిగా ఉతకలేదని చెప్పాడు. అంతకుముందు కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి ఒకే జీన్స్‌ను 15 నెలలు ఉతక్కుండా తొడిగాడు. 2011లో బయటికి వచ్చిన ఆ పరీక్ష ఫలితం ఏమిటంటే, 15 నెలల తర్వాత బట్ట మీద ఉన్న సూక్ష్మజీవుల సంఖ్యకూ, దాన్నే ఉతికి 13 రోజులు తొడిగాక ఉన్న సంఖ్యకూ పెద్ద తేడా లేదు. ఈ వార్తల్ని మా పిన్నికొడుకు టొరంటో నుంచి ఫోన్లో గొప్ప ఉత్సాహంతో చెబుతుంటాడు. "మీరే అనవసరంగా ఉతుకుతారన్నా."

అతని మాటలో నిజం ఉంది. కానీ అది అతని ఊరి నిజం. చలిదేశంలో పొడిగాలిలో, ఏసీ ఆఫీసులో కూర్చునే మనిషి తొడిగే జీన్స్‌కూ, మే నెలలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో బండి మీద నిలబడే మనిషి జీన్స్‌కూ పోలిక లేదు. చెమట ఉప్పు నడుంపట్టీ మీద తెల్లగా పేరుకుంటుంది. తొడల దగ్గర దురద, తామర మన ఎండల్లో ఎంతమందిని పీడిస్తాయో చర్మం డాక్టర్లను అడిగితే చెబుతారు. బిగుతైన మందపు బట్ట, తడి, ఉతక్కపోవడం, ఈ మూడూ కలిస్తే రంగు మిగులుతుందిగానీ ఒళ్ళు పాడవుతుంది. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. చెమట పట్టిన జీన్స్‌ను ఉతకాల్సిందే. చెమట పట్టని రోజున విప్పగానే బకెట్లో పడేయకుండా రాత్రంతా గాలి తగిలేలా వేలాడదీయాలి, మరక పడితే ఆ మరకనే తడిగుడ్డతో తుడవాలి. మన ఊళ్ళలో చలికాలంలో ఉతుకులు తగ్గించవచ్చు, వేసవిలో తగ్గించమని ఎవరికీ చెప్పను. ఫ్రీజర్లో పెడితే క్రిములు చస్తాయన్న మాటనూ పక్కన పెట్టండి. చలికి అవి చావవు, నిద్రపోతాయి, ఒంటి వెచ్చదనం తగలగానే లేస్తాయి.

ఇంత జాగ్రత్త చేసినా నీలం వెలుస్తుంది. వెలవాలి కూడా. ఈ బట్టకు ఉన్న అందం అదే. కూర్చుని లేచినప్పుడు తొడ మడత దగ్గర పడే గీతలు, మోకాలి వెనక తేనెపట్టు గళ్ళలా వచ్చే చాయ, పర్సు పెట్టిన జేబు మీద చతురస్రం, ఫోను పెట్టిన చోట దాని నాలుగు అంచులు. బండి నడిపేవాడికి ట్యాంకు తగిలే లోతొడ దగ్గర, దర్జీకి ఒడిలో గుడ్డ ఆనే చోట, కండక్టరుకు సంచి ఒరుసుకునే తుంటి మీద, ఒక్కొక్కరికీ ఒక్కో చోట వెలుస్తుంది. జపాన్‌లో ఒకయామా ప్రాంతంలోని కొజిమాలో డెనిమ్ నేసేవాళ్ళూ కుట్టేవాళ్ళూ ఈ వెలుపునే కొలమానంగా పెట్టుకుని బట్ట తయారుచేస్తారు. వాళ్ళ సరుకు కొనేవాళ్ళు మొదటి ఉతుకును నెలల తరబడి వాయిదా వేసేది కూడా ఆ గీతలు పదునుగా పడాలనే. మన బ్రష్షూ, బండా, పిట్టగోడ ఎండా చేసే వెలుపు దీనికి పూర్తిగా వేరు. అది ఎవరి ప్యాంటైనా ఒకేలా వెలిసేట్టు చేస్తుంది. మనిషి తిరుగుడు ఆ బట్ట మీద పడకముందే నీలాన్ని ఊడ్చేస్తుంది. నేను రంగు నిలబెట్టుకోవాలని పట్టుబట్టేది దీనికోసమే. పోయే నీలం తొడిగినవాడి నడకకు పోవాలి, ఉతుకుకు పోకూడదు.

ఆ నడక లేకుండానే వెలిసినట్టు చేసి అమ్మే జీన్స్ అంటే నాకు మనసొప్పదు. కొత్త బట్టకు పాతదనం పూయడానికి ఎంత పని జరుగుతుందో కొనేవాళ్ళకు తెలియదు. అగ్నిపర్వతపు నురగరాళ్ళతో కలిపి పెద్ద డ్రమ్ముల్లో తిప్పుతారు, ఎంజైములతో పైపోగును తినిపిస్తారు, తొడల మీద పొటాషియం పర్మాంగనేట్ చల్లుతారు. వీటన్నిటికంటే ఘోరమైనది ఇసుకను గాలి ఒత్తిడితో బట్ట మీదికి కొట్టడం. టర్కీలో ఆ పని చేసిన యువకులు సన్నటి సిలికా దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో చనిపోయారు. 2009లో ఆ దేశం దాన్ని నిషేధించింది. మరుసటి ఏడాది కొన్ని పెద్ద కంపెనీలు తమ సరుకులో అది ఉండదని ప్రకటించాయి. మా పక్కన బళ్లారిలో వాషింగ్ యూనిట్ల మురుగునీళ్ళ గొడవ ఏళ్ళుగా నలుగుతోంది. నీళ్ళకు కటకటలాడే నేల మీద, కొత్త ప్యాంటును పాతదిగా చేయడానికి అన్ని నీళ్ళు పోయడం నాకు ఎప్పటికీ న్యాయంగా కనిపించదు. లీవైస్ 2015లో వేసిన లెక్క ప్రకారం ఒక 501 జీన్స్ పుట్టినప్పటి నుంచి పారేసేదాకా 3,781 లీటర్ల నీళ్ళు తాగుతుంది. అందులో 68 శాతం పత్తి పంటకు, 23 శాతం ఇంట్లో ఉతుకులకు. పత్తి వాటా మన చేతిలో లేదు, రెండోది ఉంది. కాబట్టి ముదురు రంగు, వీలైనంత తక్కువ వాషింగ్ చేసిన సరుకు కొని, వెలిసే పని మన ఒంటికే వదిలిపెట్టడం మంచిదంటాను.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ సలహాలన్నీ సగమే. మన ఇళ్ళలో జీన్స్ తొడిగేది ఒకరు, ఉతికేది ఇంకొకరు. తడిసిన జీన్స్ బరువు ఎంతో ఎత్తినవాళ్ళకే తెలుసు. బావి గట్టు మీదో బాత్రూములోనో వంగి దాన్ని పిండే అమ్మకో, భార్యకో, ఇంట్లో పనికొచ్చే ఆమెకో భుజాలు లాగేస్తాయి. బండకేసి కొట్టడం, బ్రష్షుతో తోమడం మొరటుతనంతో చేసేవి కావు, అంత బరువైన గుడ్డను తొందరగా వదిలించుకోవడానికి దొరికిన దారులు. "తిరగేసి ఉతకండి, నీడలో వేయండి, పిండకండి" అని ఆవిడకు చెప్పి ఆఫీసుకు వెళ్ళిపోయేవాడికి రంగు మీద ఉన్న ప్రేమ మాటల్లోనే ఉంది. మా ఇంట్లో పిల్లలు డిగ్రీలో చేరినప్పటి నుంచి ఎవరి జీన్స్ వాళ్ళే ఉతుక్కోవాలని పెట్టాం. ఉతుకులు వాటంతట అవే తగ్గాయి, బ్రష్షు మూలన పడింది, గాలికి వేలాడదీయడం అలవాటైంది. మా అమ్మాయి జీన్స్ ఇప్పటికీ కొన్నప్పటి ముదురులోనే ఉంది. మోకాళ్ళ దగ్గర మాత్రం సైకిలు తొక్కిన గుర్తు పడుతోంది.

జీన్స్ అసలు ఎవరికోసం పుట్టిందో కూడా మరవకూడదు. నెవాడాలోని రీనోలో ఉండే జేకబ్ డేవిస్ అనే దర్జీ, కూలీల ప్యాంట్ల జేబులు ఊరికే చిరిగిపోతున్నాయని మూలల్లో రాగి రివెట్లు బిగించాడు. శాన్ ఫ్రాన్సిస్కో బట్టల వ్యాపారి లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంటు తీసుకున్నాడు. గనుల్లో, పొలాల్లో, రైలుపట్టాల మీద పనిచేసేవాళ్ళ బట్ట అది. మన దగ్గర కూడా అది తిరిగి తిరిగి వాళ్ళ దగ్గరికే చేరింది. ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా బేల్దారి, లారీ క్లీనరు, పంక్చరు కొట్టు కుర్రాడు, అందరి ఒంటి మీదా జీన్సే. వాళ్ళకు నీడలో ఆరేయండి, కుంకుడు వాడండి అని చెప్పే హక్కు నాకుందా అని చాలాసార్లు అనుకున్నాను. మా ఇంటి ప్రహరీ కట్టిన బేల్దారిని ఒకరోజు అడిగాను, ఇంత వెలిసిన ప్యాంట్లే ఎందుకు కొంటావయ్యా అని.

"ముదురుదైతే సిమెంటు తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడతాది సార్. ఇంటికి పోయేటప్పుడు బస్సులో పక్కనోళ్ళు జరుగుతారు. వెలిసిందైతే కలిసిపోతాది" అన్నాడు.

రంగు గురించి నేను అంతవరకు ఆలోచించిన దేంట్లోనూ ఆ బస్సు సీటు లేదు. ఆయనకు నా దగ్గర పనికొచ్చే సలహా ఒకటే మిగిలింది, అదీ రంగు కోసం కాదు. సిమెంటు పడిన ప్యాంటును ముందు తడపవద్దు. నీళ్ళు తగిలితే అది నేతలోనే గట్టిపడుతుంది, తర్వాత దాన్ని వదిలించడానికి రుద్దే రుద్దుడుకు గుడ్డ చిరుగుతుంది, చేతులు పగులుతాయి. ఎండిపోనిచ్చి, గోడకేసి నాలుగు దులుపులు దులిపి, ఆ తర్వాతే నీళ్ళలో వేయాలి. "అది మా ఆడోళ్ళకు తెలుసు సార్, వాళ్ళట్లనే చేస్తారు" అని తాపీ అందుకున్నాడు.